మధురవాణి మంచం ఎత్తెంత?

మీ మనవడి కాలేజీలో కన్యాశుల్కం వేస్తున్నారటగా వదినగారూ! పొద్దున మీ కోడలు మందారాలు కోస్తూ గోడ మీంచి చెప్పింది. ప్రాపర్టీస్, అదే రంగం మీద వాడే సామాను, చూసుకునే పని పిల్లాడి నెత్తిన పెట్టారట. "అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తాయి" అంటున్నాడట. వాణ్ణి తీరిగ్గా ఒకసారి ఇటు పంపండి. మా నాటక సమాజంలో ఇన్నేళ్లుగా నేను చూసుకునేదీ ఆ పనే కదా. వాడొచ్చేలోగా నా మాటగా మీరే నాలుగు ముక్కలు చెప్పండి. ఆ చిక్కుడుకాయల్లో సగం ఇటివ్వండి, మాట్లాడుతూ నేనూ ఈనెలు తీస్తాను.

ఆన్‌లైన్‌లో దొరకవని కాదండీ. ఏం కావాలో తెలిసినవాడికి ఎన్నో దొరుకుతాయి. తెలియనివాడికి బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ చెంబు దొరుకుతుంది. అందుకని ముందు ఆ కొనే యాప్ మూసేసి నాటకం తెరవమనండి. కన్యాశుల్కం తెలుగు వికీసోర్స్‌లో ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత అచ్చుప్రతుల స్కాన్లు ఉన్నాయి. వికీసోర్స్‌తో ఒక సుఖం ఏంటంటే, అది అక్షరాలుగా ఎక్కించిన పాఠం. "మంచం" అని కొడితే మంచం ఉన్న చోట్లన్నీ బయటపడతాయి. "కంటె" అంటే కంటె, "చుట్ట" అంటే చుట్ట. పుస్తకం పక్కన పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీసే రోజుల్లో మాకు వారం పట్టిన పని ఇప్పుడు ఒక పూటలో అయిపోతుంది. కానీ పాఠం మొత్తం ఒక్కసారైనా చదివి తీరాలి. ఎందుకంటే కొన్ని వస్తువుల పేరు ఎవరూ పలకరు, వాళ్లు చేసే పనిని బట్టే మనం పోల్చుకోవాలి.

ఆ మంచం సంగతే తీసుకోండి. మొదటి అంకంలో మధురవాణి మంచం కింద ఎంతమంది దూరతారో గుర్తుందా? రామప్పంతులు ఒకడు, గిరీశం ఒకడు. పైన పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని నిలబడుతుంది. ఇద్దరు మగవాళ్లు కిందకి దూరాలి, దూరాక వాళ్ల మొహాలు జనానికి కనపడాలి, అందులో ఒకడు చటుక్కున జారుకోవాలి. మీవాడు వెళ్లి ఇప్పటి ఫర్నిచర్ కొట్లో డబుల్ కాట్ తెచ్చాడనుకోండి, దాని కింద డ్రాయర్లుంటాయి, పిల్లి కూడా దూరదు. పందిరి మంచమో, ఎత్తు కాళ్ల పట్టె మంచమో కావాలి. కనీసం రెండడుగుల ఎత్తు లేకపోతే ఆ సీను నవ్వు పండదు. గురజాడ నాటకంలో ఎక్కడా మంచం ఎత్తు ఇంత అని రాయలేదు. రాయక్కర్లేదు, సీనే చెబుతుంది. ఇది ఏ వెబ్‌సైటూ చెప్పదు వదినగారూ, ఇది మనం చూసుకోవాల్సిందే.

తర్వాత ఏడాది తేల్చుకోవాలి. కన్యాశుల్కం మొదట విజయనగరంలో ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. ఇప్పుడు మనం ఆడేది గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో వేసిన రెండో కూర్పు. కథ జరిగేది మాత్రం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అనుకుంటాం. సరే, 1890ల దగ్గర మేకు కొట్టేశామనుకోండి. ఆ మేకుకి తగిలించి చూస్తే ఎన్ని వస్తువులు జారిపోతాయో! స్టీలు గ్లాసు పోయింది, స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చిందే 1913లో. కాబట్టి ఇత్తడో, కంచో, వెండో, మట్టో. చేతి గడియారం పోయింది. అది మగవాళ్ల మణికట్టు ఎక్కింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే, అంతకుముందు గొలుసు వేసి జేబులో పెట్టుకునేవాళ్లు. గిరీశం చేతికి ఆంధ్రపత్రిక ఇచ్చే సమాజాలను చూశాను. ఆ పత్రిక బొంబాయిలో వారపత్రికగా పుట్టిందే 1908లో, మద్రాసులో దినపత్రికైంది 1914లో. గిరీశం లాంటి ఇంగ్లీషు మోజువాడి చేతిలో హిందూ పత్రిక పెట్టండి, అది 1878 నుంచీ ఉంది, 1889 నుంచీ దినపత్రిక. గోడకి రవివర్మ లక్ష్మీదేవి పటం తగిలిస్తారు. రవివర్మ అచ్చుకూటం మొదలైంది 1894లో. కథని 1892లో జరుపుతామంటే ఆ పటం దించెయ్యాలి, 1897 అంటే ఉంచుకోవచ్చు.

"జనం అంత పట్టి చూస్తారా" అంటారా? చూడరు వదినగారూ, నిజమే. వెయ్యిమందిలో పదిమంది చూస్తారు. కానీ వేషం వేసేవాడు చూస్తాడు! వాడి చేతిలో నిజమైన వస్తువు పెడితే వాడి నడకే మారుతుంది. జేబు గడియారం చూడాలంటే గొలుసు లాగాలి, మూత తెరవాలి, చూసి మూసి మళ్లీ లోపల పెట్టాలి. ఆ నాలుగు క్షణాల్లో నటుడికి ఒక పని దొరికింది, ఒక దర్పం దొరికింది. చేతి గడియారంలో అదెక్కడొస్తుంది? నేను ఈ పని ఇంత పట్టుదలగా చేసేది అందుకే.

ఇప్పుడు నెట్టు దగ్గరికొద్దాం. పాతకాలం వస్తువు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే చాలామంది గూగుల్‌లో బొమ్మలు వెతికి మొదట కనిపించింది పట్టుకొచ్చేస్తారు. ఇప్పుడైతే మరీ ప్రమాదం. కంప్యూటరు అల్లిన బొమ్మలు అసలు ఫొటోల మధ్యలో దూరిపోయాయి. పాత విజయనగరం వీధి అని ఉంటుంది, చూస్తే దీపస్తంభానికి తీగలుంటాయి, ఆడవాళ్ల చేతికి ఆరు వేళ్లుంటాయి. నా నియమం ఒకటే. ఆ బొమ్మ ఎవరి దగ్గరుంది, దాని నంబరెంత, ఏ కాలంది అనే మూడింటికీ జవాబు లేకపోతే ఆ బొమ్మ నాకు పనికిరాదు. పింటరెస్ట్‌లో బాగుందనిపిస్తే అక్కడ ఆగకుండా అది మొదట ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వుకుంటూ వెళ్లాలి. గూగుల్ లెన్స్ అందుకు బాగా పనికొస్తుంది. సినిమా స్టిల్స్‌నీ నమ్మొద్దని చెప్పండి. కన్యాశుల్కం సినిమా 1955లో వచ్చింది. అందులో కనిపించేది 1955 వాళ్లు ఊహించుకున్న పాతకాలం. సావిత్రిగారి మధురవాణిని నేనెన్నిసార్లయినా చూస్తాను. వస్తువుల కోసం మాత్రం చూడను.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996లో మొదలుపెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు కుప్పలు తెప్పలుగా అందులో ఉన్నాయి. కన్యాశుల్కానికి అక్కడ దొరికే మంచి నిధి ఏమిటో తెలుసా? నాటకం కాదు, గెజిటీరు! డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనే దొర 1907లో రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు. విజయనగరం అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. ఏ ఊళ్లో ఏ పనివాళ్లున్నారు, ఏం నేసేవారు, ఏం పోతపోసేవారు, సంతల్లో ఏం అమ్మేవారు, తూనికలూ కొలతలూ ఏమిటి, అన్నీ అందులో దొరుకుతాయి. గోదావరి జిల్లాకి హెమింగ్‌వే రాసినది కూడా అదే ఏడు వచ్చింది. థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాలూ తెగల పుస్తకంలో ఫొటోలున్నాయి. ఆ దొరల అభిప్రాయాలు మనకక్కర్లేదు, ఫొటోలో మనిషి పక్కన నేల మీద ఏముందో అది చూడాలి. బుట్ట ఎలా అల్లారు, కర్ర ఎంత పొడుగు, కుండ మూతి ఎంత. ఫొటో తీసినవాడు పట్టించుకోని మూలే మనకి పాఠం.

వస్తువు పేరే తెలియకపోతే? పాత నాటకాల్లో అలాంటివి బోలెడుంటాయి. ఆంధ్రభారతి సైటులో మాట కొడితే బ్రౌను నిఘంటువు దగ్గర్నుంచి శబ్దరత్నాకరం దాకా వరసగా చూపిస్తుంది. బ్రౌను నిఘంటువు 1852ది కాబట్టి మనకి కావాల్సిన కాలానికి దగ్గర్లో ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు చేసిన మాండలిక వృత్తిపదకోశం ఉంది, వ్యవసాయం మీద 1962లో వచ్చింది, చేనేత మీద 1971లో. రైతు ఇల్లు, సాలె ఇల్లు రంగం మీద పెట్టాలంటే అంతకంటే మంచి పుస్తకం నాకు తెలియదు.

మ్యూజియాల సంగతి చెప్తాను, ఇది మీవాడికి కొత్తగా ఉంటుంది. పెద్ద మ్యూజియాలన్నీ తమ సామాను ఫొటోలు నెట్‌లో పెట్టేశాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం జాబితాలో పన్నెండు లక్షలకు పైగా వస్తువులున్నాయి, అందులో మన దేశానివి వేలకు వేలు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో మూడు లక్షల డెబ్బై అయిదు వేల ఫొటోలు ఎవరైనా దేనికైనా వాడుకోండి అని వదిలేసింది. మన దగ్గర మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా అనే పోర్టల్‌లో సాలార్‌జంగ్ మ్యూజియమూ, నాగార్జునకొండ మ్యూజియమూ ఉన్నాయి. ఇంత చెప్తున్నది ఫొటోల అందం కోసం కాదు. ప్రతి వస్తువు కిందా కొలతలుంటాయి. ఎత్తు ఇన్ని సెంటీమీటర్లు, అడుగు వెడల్పు ఇంత, దేనితో చేశారు అని. చేయించుకునేవాడికి అదే ప్రాణం. వడ్రంగికి ఫొటో చూపిస్తే తనకి తోచిన సైజులో చేస్తాడు. కొలత రాసిస్తే ఆ సైజులో చేస్తాడు.

వెతికేటప్పుడు మన పేరుతో పాటు వాళ్ల పేరు కూడా కొట్టమనండి. ఆకుల పెట్టె అంటే ఏమీ రాదు, పాన్‌దాన్ అనో బీటిల్ బాక్స్ అనో కొడితే గుట్టలుగా వస్తాయి. ఉమ్మితొట్టి అయితే స్పిటూన్. హుక్కా అడుగు భాగం కావాలంటే బిద్రీ అని కలపాలి. బీదరు పనివాళ్లు వెండి పొదిగి చేసిన హుక్కా అడుగులు ఈ మ్యూజియాలన్నిటిలో ఉన్నాయి. నిజాం కాలం నాటకం వేసేవాళ్లకి అంతకంటే కావాల్సింది లేదు. హైదరాబాదు దర్బారు దృశ్యాలకి లాలా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలున్నాయి. ఆయన 1905లో పోయారు, ఆ ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛగా దొరుకుతాయి. కుర్చీలు, దీపాలు, తెరలు, తివాచీలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. అయితే అవి నవాబుల ఇళ్లు. వాటిని చూసి లుబ్ధావధాన్లు ఇంట్లో షాండ్లియర్ వేలాడదీస్తే ఆ పిసినారి గుండె ఆగిపోతుంది!

ఫొటో అంటే గుర్తొచ్చింది. గిరీశానికి ఫొటోగ్రాఫు బాకీ ఉంటుంది కదా, ఆ ఫొటో రంగం మీద చూపించాలని కొందరు దర్శకులు సరదా పడతారు. మీవాడి దర్శకుడూ అడిగితే, స్టూడియోలో తీసి నిగనిగలాడే కాగితం మీద ప్రింటు వేయించొద్దని చెప్పండి. ఆ రోజుల్లో స్టూడియో ఫొటోని దళసరి అట్ట మీద అతికించి ఇచ్చేవారు. క్యాబినెట్ కార్డు అనేవారు దాన్ని, అట్ట సుమారు ఆరున్నర అంగుళాల పొడుగు, నాలుగుంబావు వెడల్పు. అడుగున స్టూడియో పేరు అచ్చేసి ఉండేది. రంగు కాస్త గోధుమ వన్నెలో ఉంటుంది. కామన్స్‌లో అలాంటివి వందలు చూడొచ్చు. మీ ఇంట్లో కలర్ ప్రింటరు ఉంది, అట్ట ముక్క ఉంది, మైదా జిగురు ఉంది, ఇంకేం కావాలి? కాగితం సామానంతా ఇంట్లోనే చేసుకోవాలండీ, కొనకూడదు. కాగితాన్ని టీ డికాక్షన్‌లో ముంచి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేస్తే పాతబడిన వన్నె వస్తుంది. ఉత్తరం మాత్రం ప్రింటు తియ్యొద్దు. చేత్తో, ముంచి రాసే పాళీతో, గొలుసుకట్టుగా రాయాలి. చదివే నటుడికి అందులో నిజంగా ఆ మాటలే ఉండాలి. ఉత్త గీతలు గీసిస్తే ఎప్పుడో ఒకనాడు మాట మరిచిపోయి బిక్కమొహం వేస్తాడు. నిజం రాసిచ్చామా, చూసి చదివేస్తాడు, గండం గడుస్తుంది.

కార్డు ముక్క కావాలంటే విక్టోరియా రాణి బొమ్మ ఉన్న పావు అణా కార్డు. మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది. డబ్బుకి న్యూమిస్టా అనే సైటు ఉంది. ప్రపంచంలో నాణేలన్నీ ఏళ్లవారీగా, రెండు వైపులా బొమ్మలతో, బరువూ వ్యాసంతో సహా చూపిస్తుంది. 1877 నుంచి వచ్చిన రూపాయి మీద రాణి కాదు, ఎంప్రెస్ అని ఉంటుంది. జనానికి అంత దూరం నుంచి అక్షరాలు కనపడవు కానీ మోత వినపడుతుంది. వెండి రూపాయి పదకొండున్నర గ్రాముల పైన తూగేది. ఇప్పటి రూపాయి బిళ్లలు సంచిలో పోసి ఆడిస్తే డబ్బు మోత రాదు, గుండీల మోత వస్తుంది. ఇనుప కొట్లో దళసరి వాషర్లు తెచ్చి సంచిలో వెయ్యమనండి. అన్నట్టు, ఈ కాలం నాటకమైతే నోట్ల కట్టలు ప్రింటు తీసుకోవడం మాత్రం వద్దు. అసలు నోటుని పోలినట్టు అచ్చువేయడం చట్టం ఒప్పుకోదు, రంగం కోసమైనా సరే. పిల్లలు ఆడుకునే నోట్లు తెచ్చి దూరంగా చూపిస్తే చాలు.

పౌరాణికాలకి ఏం చేస్తావు అంటున్నారా? అన్నయ్యగారు కృష్ణ రాయబారం పద్యాలు పాడుకుంటూ మొక్కలకి నీళ్లు పోస్తారు కదా, ఆయనకి ఇది చెప్పండి, సంతోషిస్తారు. సి. శివరామమూర్తిగారు మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల మీద 1942లో ఒక గ్రంథం రాశారు, దాని స్కాను ఆర్కైవ్‌లో ఉంది. ఆ పలకల మీద చెక్కిన వస్తువుల్ని గీతబొమ్మలుగా గీసి పెట్టారందులో. ఆసనాలు, నీళ్ల పాత్రలు, విసనకర్రలు, ఆయుధాలు, వాయిద్యాలు, నగలు! దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి మన కృష్ణాతీరం ఇంటి సామాను. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి పలకలు, వందకి పైనే ఉన్నాయి, వాటి ఫొటోలు వాళ్ల సైటులో పెద్దవి చేసి చూడొచ్చు. ధృతరాష్ట్రుడి సభలో పెళ్లిళ్లకి అద్దెకిచ్చే ఎర్ర వెల్వెట్ సింహాసనం వేసే బదులు, అమరావతి పలకలో ఉన్న ఆసనం చూసి ఒకటి చేయించి చూడండి. రంగం మీద మనదైన అందం వస్తుంది. కిరీటాలూ భుజకీర్తులూ గదలూ మాత్రం డ్రెస్ కంపెనీ వాళ్ల దగ్గర అద్దెకి తీసుకోవడమే మేలు. నటుడు గంటసేపు పద్యాలు పాడాలి, అంతసేపూ నెత్తిన బరువు మోయలేడు. తేలిగ్గా చేయడం వాళ్లకి తరాలుగా తెలుసు. సురభి వాళ్లనే చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టినవాళ్లు, మాయాబజార్‌లో లడ్లు గాల్లోకి లేపే తంత్రం దగ్గర్నుంచి తెరల దాకా సొంతంగా చేసుకుంటారు. మీవాడు వాళ్ల ప్రదర్శన ఒక్కటి దగ్గరగా కూర్చుని చూస్తే, నెల రోజులు వీడియోలు చూసినదానికంటే ఎక్కువ నేర్చుకుంటాడు.

ఇక కొనడం. చూడటం నెట్‌లో చూడాలి, కొనడం మాత్రం వీలైనంత వరకు చేత్తో పట్టుకుని కొనాలి. నా మాట ఇదే. నెట్‌లో వస్తువు ఫొటో ఎప్పుడూ సెల్‌ఫోను నిండా ఉంటుంది. బిందె అంతే ఉంటుంది, పూజలో పెట్టే బుల్లి బిందె అంతే ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో ఎత్తు ఎన్ని అంగుళాలో చూసి, స్కేలు పట్టి గోడ మీద గీత గీసుకుని, అప్పుడు ఆర్డరు పెట్టాలి. యాంటిక్ ఫినిష్ అంటే పాతది అని అర్థం కాదు, నిన్న చేసి మొన్నటి రంగు వేశారని. ఇంకా, నాటకానికి కనీసం మూడు వారాల ముందు వస్తువు చేతికి రావాలి. రిహార్సల్లో వాడని వస్తువు ప్రదర్శన రోజు నటుడికి చేదోడు కాదు, అడ్డు.

మధురవాణి కంటెకి ఆన్‌లైన్ ఎందుకండీ, మచిలీపట్నం చిలకలపూడి బంగారం ఉండగా! కథంతా ఆ కంటె చుట్టూ ఎంత నడుస్తుందో మీకు తెలుసు. లుబ్ధావధాన్లు పెళ్లికి వెళ్లిన కంటె తిరిగి రాక ఎంత రచ్చవుతుందో కూడా తెలుసు. కాబట్టి అది ఆఖరి వరస వాడికి కూడా మెరవాలి. సన్న గొలుసు పనికిరాదు, మెడకి కడియంలా నిలబడే దళసరి కంటె కావాలి. ఇత్తడి సామానుకి శ్రీకాకుళం దగ్గర బుడితి ఉంది, తెలంగాణలో పెంబర్తి ఉంది. బొమ్మలు కావాలంటే ఏటికొప్పాక, కొండపల్లి. హైదరాబాదులో ఉన్నవాళ్లు గురువారం జుమ్మేరాత్ బజారు తిరగాలి. విరిగిన గ్రామఫోను, తుప్పు లాంతరు, గంట కొట్టని గడియారం, అన్నీ నేల మీద పరిచి ఉంటాయి. రంగానికి నడిచే గడియారం అక్కర్లేదు కదా. పాత సామాను ఓఎల్‌ఎక్స్‌లోనూ పెడుతుంటారు, మంచాలూ కుర్చీలూ అక్కడ అప్పుడప్పుడు బాగా దొరుకుతాయి. ఇంటికెళ్లి, మంచం కిందకి ఒక మనిషిని దూర్చి చూసి మరీ తెచ్చుకోమనండి.

ఏనుగు దంతం పిడి అనో, అసలు పులిచర్మం అనో, జింక కొమ్ములనో ఎవరైనా నెట్‌లో చూపిస్తే దగ్గరకు వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. మునీశ్వరుడి ఆసనానికి చుక్కల ముద్ర వేసిన వెల్వెట్ గుడ్డ చాలు. రంగం మీద కత్తికి పదును ఉండకూడదు, నిప్పు లేకుండా గడిచిపోయే చోట నిప్పు ఉండకూడదు. గిరీశం చుట్ట వెలిగించక్కర్లేదు, పట్టుకునే తీరులోనే ఉంది అంతా. ఇత్తడీ అద్దాలూ లైటు పడగానే ముందు వరసవాళ్ల కళ్లలో కొడతాయి. తడి సబ్బు పల్చగా రాస్తే ఆ మెరుపు చస్తుంది, ఆట అయ్యాక కడుక్కోవచ్చు.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి కూతురు వాళ్లు కూడా అక్కడి తెలుగువాళ్లతో కలిసి నాటకాలు వేస్తారు. ఇక్కడి నుంచి ఇత్తడి మోసుకెళ్లడం ఎందుకని అక్కడి పాత సామాను కొట్లలోనే వెతుక్కుంటుంది. ఇంగ్లీషు దొర ఇంటి కుర్చీ, సిరాబుడ్డి, జేబు గడియారం అక్కడ మనకంటే తేలిగ్గా దొరుకుతాయట. కానీ కల్వం, సోల, తవ్వ, విస్తరి కుట్టే ఈనె, దేవుడి పీట, ఇవి కావాల్సి వచ్చినప్పుడు వీడియో కాల్‌లో నా అటక చూపించమంటుంది. నాకు బాధేసేది అక్కడే వదినగారూ. నెట్‌లో ఎంత వెతికినా మన మామూలు ఇళ్ల సామాను కనపడదు. నవాబు హుక్కా ఉంది, రాజుగారి పల్లకీ ఉంది, కొలతలతో సహా ఉన్నాయి. మన అమ్మమ్మలు వాడిన ఉప్పు జాడీ, గానుగ దగ్గరి నూనె గిద్ద, పూటకూళ్లింటి వంట గరిటె, వీటికి పేరూ ఊరూ కాలమూ కొలతా రాసిన ఒక మంచి ఫొటో దొరకడం గగనం. విక్టోరియా కాలం ఇంగ్లండులో టీ కప్పు ఎలా ఉండేదో లండన్ మ్యూజియం నాకు పది రకాలు చూపిస్తుంది. అదే కాలంలో విజయనగరంలో పూటకూళ్లమ్మ చారు దేనిలో కాచిందో చూపించేవాళ్లు లేరు. తెలిసినవాళ్లు పోతున్నారు, సామాను తూకానికి వెళ్లిపోతోంది.

మీ అత్తగారి ఆకుల పెట్టె ఇంకా ఉంది కదా మీ అటక మీద? సున్నపుకాయతో సహా? ఇవ్వమనడం లేదండీ, నాటకం మూడు రోజులూ అరువిస్తే మీవాడికి కొనే బాధ తప్పుతుంది. జాబితా రాసి, పేరు చీటీ అంటించి, ఆట అవగానే తిరిగి పంపే పూచీ నాది. కానీ దానికంటే ముఖ్యమైన పని ఇంకోటుంది. మీ మనవడి చేత ఆ పెట్టెకి ఫొటోలు తీయించండి. పగటి వెలుతుర్లో, తెల్ల పంచె మీద పెట్టి, పక్కన స్కేలు పెట్టి, ముందు నుంచి ఒకటి, మూత తీసి ఒకటి, అడుగు భాగం ఒకటి. మీ ఇంట్లో దాన్ని ఏమని పిలిచేవారు, ఏ ఊళ్లో చేయించారు, ఎవరు వాడారు, సుమారు ఏ కాలం, అవన్నీ తెలుగులోనే రాసి వికీమీడియా కామన్స్‌లో ఎక్కించమనండి. ఖాతాకి డబ్బు అక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చని ఒప్పుకుంటే చాలు. అలాగే మీ కంచు చెంబు, మీ పట్టె మంచం, దాని ఎత్తు కూడా! ఈ వీధిలో ఇంటికి ఒక పిల్లాడు ఉన్నాడు, వాడి చేతిలో ఒక ఫోను ఉంది. ఇంటికి అయిదు వస్తువులు పెట్టినా చాలు, రేపు ఎక్కడో కన్యాశుల్కం వేసే మరో పిల్లాడికి వెతుకులాట తప్పుతుంది.

పాత సామాన్లవాడి బండి ఆదివారం వస్తుంది. ఆ లోపు ఫొటోలు తీయించేయండి, తీయకుండా ఒక్క గరిటె కూడా తూకానికి వేయకండి.